ప్లేటు సంగతి తర్వాత, ముందు పట్టీ చూడండి

స్కూబా: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో మాటవరసకి ఒక వాక్యం రాశాను. "జాకెట్ వదిలేసి బ్యాక్‌ప్లేట్‌కి మారాక నా భుజాలు నాకు దణ్ణం పెట్టాయి" అని. అంతే. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. కాబట్టి చేపల గురించి అడిగినవాళ్లు ఈసారికి క్షమించాలి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. నీళ్లలోకి దిగేవాడి వీపు మీద సిలిండర్‌ని పట్టి ఉంచేది ఒకటి కావాలి, గాలి నింపితే మనిషిని తేల్చేది ఒకటి కావాలి. డైవింగ్ షాపుల్లో అద్దెకిచ్చే జాకెట్‌లో ఈ రెండూ, మెత్తలూ, జేబులూ అన్నీ కలిపి కుట్టేసి ఉంటాయి. బ్యాక్‌ప్లేట్ పద్ధతిలో అన్నీ విడివిడిగా వస్తాయి. వీపుకి ఒక లోహపు పలక. ఆ పలకలోంచి భుజాల మీదుగా, నడుం చుట్టూ తిరిగే ఒకే ఒక పొడవాటి నైలాన్ పట్టీ. నవారు మంచం చూసినవాళ్లకి తేలిగ్గా చెప్పొచ్చు: ఆ నవారు లాంటిదే, కాకపోతే బాగా బిరుసు. పలకకీ సిలిండర్‌కీ మధ్యలో గాలి తిత్తి ఉంటుంది, దాన్ని వింగ్ అంటారు. ఉత్తర ఫ్లోరిడాలో నీటి గుహల్లోకి వెళ్లే డైవర్లు తమ అవసరం కొద్దీ చేసుకున్న ఏర్పాటు ఇది. వాళ్లలో విలియం హోగార్త్ మెయిన్ అనే ఆయన ఒంటి మీద అనవసరమైన వస్తువు ఒక్కటి కూడా ఉంచుకునేవాడు కాదు. ఆయన పేరులోని మధ్య ముక్క మీదుగానే ఈ తరహా పట్టీకి 'హోగార్తియన్' అన్న పేరు వచ్చింది.

నేను భీమిలివాణ్ణి. సీజన్‌లో అండమాన్‌లోని హేవ్‌లాక్‌లో (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు, మా నోటికి ఇంకా రాలేదు) డైవింగ్ నేర్పిస్తాను, వానాకాలం ఇంటి దగ్గర ఉంటాను. ఏ కంపెనీ సరుకూ అమ్మను. ఇక ఉత్తరాలు.

*ప్రశ్న: నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, బరువు 52 కిలోలు. అండమాన్‌లో ఇప్పటికి 22 డైవ్‌లు చేశాను. అద్దె జాకెట్ ఎప్పుడూ పైకి జారి గడ్డానికి తగులుతుంది. గాలి నింపితే పక్కటెముకలు నొక్కేసినట్టుంటుంది. డైవ్ అయ్యాక నడుం పట్టేస్తుంది. బ్యాక్‌ప్లేట్ కొందామంటే, ఇనుప పలక, మెత్త లేని పట్టీ చూసి భయమేస్తోంది. నాకు సుఖంగా ఉంటుందా? ఏది కొనాలి? — ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి*

అమ్మా, మీ ఉత్తరంలో మూడు బాధలున్నాయి. మూడింటికీ కారణాలు వేరు.

జాకెట్ పైకి జారడానికి కారణం, దాన్ని కిందికి పట్టి ఉంచేది ఏదీ లేకపోవడం. గాలి పైకి లాగుతుంది, మీరు కిందికి వేలాడతారు, మధ్యలో జాకెట్ గడ్డం దాకా వస్తుంది. పైగా అద్దె షాపులో మీ కొలతకి చిన్న సైజు దొరకడం అదృష్టమే. బ్యాక్‌ప్లేట్‌కి కాళ్ల మధ్య నుంచి ముందుకు వచ్చే ఒక పట్టీ ఉంటుంది, క్రాచ్ స్ట్రాప్. చూడ్డానికి గోచీలా ఉందని మొదట అందరూ నవ్వుతారు. పలక పైకి జారకుండా ఆపేది అదే. పక్కటెముకల బాధ ఇంకా తేలిక. జాకెట్‌లో గాలి మీ చుట్టూ నిండుతుంది, వింగ్‌లో మీ వెనకాల నిండుతుంది. ఎంత నింపినా ఛాతీ మీద ఒత్తిడి ఉండదు.

నడుం నొప్పి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. నీళ్లలో మునగడానికి మీరు సీసం బరువులు నడుం బెల్టుకి కట్టుకుంటున్నారు కదా. ఊపిరితిత్తులేమో ఛాతీని పైకి తేలుస్తాయి, సీసమేమో నడుముని కిందికి లాగుతుంది. ఈ రెండింటి మధ్య మీరు చేప లాగా అడ్డంగా ఉండాలని తంటాలు పడుతూ, తెలియకుండానే నడుం వెనక్కి విరిచి ఈదుతారు. నలభై నిమిషాలు అలా ఉంటే ఎవరికైనా పట్టేస్తుంది. పలక బరువు ఊపిరితిత్తులకి సరిగ్గా వెనక పడుతుంది కాబట్టి ఆ విరుపు చాలావరకు తగ్గుతుంది. నొప్పి డైవ్‌లో కాకుండా, ఒడ్డు మీద సిలిండర్ మోసేటప్పుడు వస్తోందా? అయితే పలక ఏమీ చేయలేదు. ఖాళీ అల్యూమినియం సిలిండరే 14 కిలోల పైన తూగుతుంది. పడవలో కుర్రాళ్ల సాయం తీసుకోండి, మొహమాటపడకండి.

ఇక మెత్తలు. చొక్కా బిగుతైతే లోపల దూది కుట్టించుకుంటామా? కొలత మార్పించుకుంటాం. ఇక్కడా అంతే. భుజాలు ఒరుసుకుంటున్నాయంటే పట్టీ బిగుతుగా ఉందని అర్థం. మెత్త వేస్తే అది ఇంకా బిగుస్తుంది. పైగా ఆ మెత్తలు నీళ్లలో తేలతాయి, వాటిని ముంచడానికి మళ్లీ సీసం కట్టుకోవాలి. వెట్‌సూట్ (ఒంటికి అతుక్కునే రబ్బరు సూట్) లేకుండా పలచటి టీషర్టుతో దిగేవాళ్లకి పలకకీ వీపుకీ మధ్య ఒక సన్నటి మెత్త సౌకర్యమే. అంతకు మించి నేను ఎవరికీ చెప్పను.

పట్టీ కొలత ఇంట్లోనే తీసుకోండి. డైవ్‌లో వేసుకునే వెట్‌సూట్ వేసుకుని, సిలిండర్ లేకుండా, ఉత్త పలక మాత్రం వీపుకి తగిలించి నడుం బకుల్ పెట్టండి. ఇప్పుడు అరచేతిని బల్లపరుపుగా చాచి, కాలర్ ఎముక కింద పట్టీకీ ఒంటికీ మధ్య దూర్చండి. అడ్డు లేకుండా దూరాలి. "ఇంత వదులా?" అనిపిస్తుంది. ఒడ్డు మీద వదులుగానే ఉండాలి. నీళ్లలో సిలిండర్‌కి బరువు దాదాపు ఉండదు. పలకని పట్టుకునేది నడుం పట్టీ, క్రాచ్ స్ట్రాప్. భుజాల పట్టీలు ఉత్త తోడు. ఈ ఒక్క ముక్క నాకు ఎవరూ చెప్పక, మొదటి రెండు నెలలు స్కూలు బ్యాగులా బిగించుకుని దిగాను. పైకి వచ్చాక ఉంగరం వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కేవి. సిలిండర్ బరువు అనుకుని నన్ను నేనే సముదాయించుకున్నాను.

తర్వాత చెయ్యి భుజం మీదుగా వెనక్కి పెట్టి చూడండి. వేళ్ల కొసలు పలక పై అంచుకి తగలాలి. తగల్లేదంటే పలక బాగా కిందికి ఉంది, రేపు సిలిండర్ వాల్వ్ కూడా అందదు. తల ఎత్తితే పలకో వాల్వో తలకి కొడుతోందంటే మరీ పైకి ఉంది. ఛాతీ మీది డీ-రింగ్‌లు (సామాను తగిలించుకునే లోహపు కడియాలు) ఏ వైపువి ఆ వైపు చేతికే అందాలి. కిందికి పెట్టారంటే టార్చి వేలాడి పగడాలకి తగులుతుంది. నడుం బకుల్ బొడ్డు మీద కాకుండా కాస్త పక్కకి రానివ్వండి. మధ్యలో ఉంటే క్రాచ్ స్ట్రాప్ దాన్ని ఎత్తి ఊడదీసే ప్రమాదం ఉంది. క్రాచ్ స్ట్రాప్ పొడవు చూసుకోవడానికి నిటారుగా నిలబడి ఒకసారి, గొంతుక్కూర్చుని ఒకసారి చూడండి. రెండిట్లోనూ కోసుకోకూడదు.

మీ ఎత్తుకి ఇంకో పరీక్ష ముఖ్యం. పలక కట్టుకుని గట్టి బల్ల మీద కూర్చోండి. పలక కింది అంచు నడుం కిందిభాగంలో గుచ్చుకుంటోందా? అయితే అది మీకు పొడవు. పొట్టి పలకలు అమ్ముతారు, అదే కొనండి. మామూలు పలకని ఎంత సర్దినా మీ ఒంటికి పొట్టి కాదు.

లోహం సంగతికొస్తే, మీకు అల్యూమినియం చాలు. 52 కిలోల మనిషి, పలచటి సూట్, వెచ్చటి అండమాన్ నీళ్లు. స్టీలు పలక వేస్తే మీకు కావలసిన బరువంతా అందులోనే అయిపోతుంది. అవసరమైతే తీసి పారేయడానికి చేతిలో ఒక్క సీసం దిమ్మ కూడా మిగలదు. అల్యూమినియం పలక కిలో లోపే ఉంటుంది. శంషాబాద్ విమానాశ్రయంలో 15 కిలోల లెక్క దగ్గర తగువు పడనక్కర్లేదు కూడా.

ఒక విన్నపం. పట్టీ మిగిలింది కదా అని మొదటి రోజే కత్తిరించకండి. నేను కత్తిరించాను. హేవ్‌లాక్ గదిలో మంచం మీద కూర్చుని, అద్దంలో చూసుకుని, భలే కుదిరిందని కత్తెర వేసి, కొవ్వొత్తి మంటకి అంచు కాల్చి అతికించాను. మర్నాడు పొద్దున్న 5 మిల్లీమీటర్ల సూట్ వేసుకుంటే నడుం పట్టీ బకుల్‌కి నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోయింది. ముక్క కలిపి కుట్టేది కాదది, భుజాలూ నడుమూ అంతా ఒకటే పట్టీ. మొత్తం పట్టీ కొత్తది తెప్పించుకోవాల్సి వచ్చింది. పోర్ట్ బ్లెయిర్ నుంచి పడవలో అది వచ్చేదాకా నాలుగు రోజులు నేనూ అద్దె జాకెట్‌తోనే పాఠాలు చెప్పాను. పది డైవ్‌లు అయ్యాక కత్తిరించండి. అప్పుడు కూడా ఒక జానెడు వదిలేయండి.

*ప్రశ్న: దుబాయ్‌లో ఉంటాను, ఫుజైరా వైపు డైవింగ్‌కి వెళ్తుంటాం. 92 కిలోలు ఉంటాను. చలికాలం 5 మి.మీ. సూట్‌తో 8 కిలోల సీసం కట్టుకుంటాను. స్టీలు ప్లేట్ కొంటే ఎంత తగ్గించొచ్చు? స్టీలా, అల్యూమినియమా అన్నది ఒక్క మాటలో తేల్చండి. — ఒక పాఠకుడు, దుబాయ్ (సొంతూరు భీమవరం)*

ఒక్క మాటలో: స్టీలు.

లెక్క ఇదీ, సోదరా. 3 మి.మీ. మందం స్టీలు పలక దాదాపు రెండున్నర నుంచి 2.7 కిలోలు ఉంటుంది. నీళ్లలో అది సుమారు రెండున్నర కిలోల సీసానికి సమానం. మీ జాకెట్ మెత్తలు తేలకుండా ఆపడానికి కట్టుకుంటున్న సీసం ఒక అరకిలో, కిలో ఉంటుంది, అదీ పోతుంది. అంటే 8 కిలోలు 5కి దిగాలి. ఆ 5 కూడా మొత్తం నడుముకి కట్టకండి. ఒక కిలో, కిలోన్నర సిలిండర్‌ని పట్టుకునే పై బ్యాండుకి చిన్న జేబుల్లో పెట్టండి. మిగతాది తేలిగ్గా తీసి పారేయగలిగేలా నడుముకే ఉంచండి. ఎండాకాలం పలచటి సూట్‌తో దిగేటప్పుడు ఈ లెక్క మొదట్నుంచి మళ్లీ వేసుకోవాలి.

ఇదంతా కాగితం మీది లెక్క. అసలు లెక్క నీళ్లలోనే తేలుతుంది. డైవ్ ఆఖర్న సిలిండర్‌లో గాలి ఒత్తిడి 50 బార్ మిగిలినప్పుడు, 5 మీటర్ల దగ్గర, వింగ్‌లో గాలంతా తీసేసి, మామూలుగా ఊపిరి పీలుస్తూ కదలకుండా ఉండగలగాలి. మునిగిపోతున్నారా, ఒక దిమ్మ ఎక్కువ. పైకి తేలిపోతున్నారా, ఒకటి తక్కువ. ఆఖర్నే ఎందుకంటే, నిండు సిలిండర్‌లో గాలి బరువే రెండున్నర కిలోల పైన ఉంటుంది. మనం వాడే 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు కొంచెం మునుగుతుంది, ఖాళీ అయ్యాక రెండు కిలోల దాకా తేలుతుంది. డైవ్ మొదట్లో సరిపోయిన బరువు చివర్లో చాలదు.

ఒక మాట అడగకుండానే చెప్తాను. ఆ 8 కిలోల్లో ఒక కిలో భయం బరువేమో చూసుకోండి. మొదటి కోర్సులో ఇన్‌స్ట్రక్టర్లు (నాతో సహా) శిష్యుడు పైకి తేలిపోకుండా ఒకటి ఎక్కువే కడతాం. ఆ అంకె మనిషి లాగ్‌బుక్‌లో ఆస్తిలా ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

*ప్రశ్న: వైజాగ్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాను, రుషికొండలో కోర్సు చేశాను. ఆన్‌లైన్‌లో అడిగితే 20 కిలోల లిఫ్ట్ ఉన్న వింగ్ తీసుకో, పెద్దదైతే సేఫ్ అన్నారు. అలాగే డోనట్ మంచిదా, హార్స్‌షూ మంచిదా? — ఒక విద్యార్థి, మధురవాడ*

తమ్ముడూ, నేనూ ఇదే మాట నమ్మి డబ్బు పోగొట్టుకున్నాను. ఎవరు అమ్మారో అనవసరం, కొన్నది నేను. ఒకే సిలిండర్‌కి పెద్ద వింగ్ కడితే ఏమవుతుందో తెలుసా? కొంచెం గాలి వేయగానే రెండు పక్కలూ లేచి సిలిండర్ చుట్టూ ముడుచుకుంటాయి, మసాలా దోసె మడతలా. ఆ మడతలో గాలి ఇరుక్కుంటుంది. గాలి వదులుదామని డంప్ తాడు లాగుతాం, రాదు. పక్కకి ఒరిగి మళ్లీ లాగితే ఒక్కసారి అంతా పోతుంది. నా మొదటి వింగ్‌తో ప్రతి సేఫ్టీ స్టాప్‌లోనూ (పైకి వచ్చేముందు కాసేపు ఆగే చోట) ఒక మీటరు పైకీ కిందికీ ఊగుతూ ఉండేవాణ్ణి. నా వెనకాల వస్తున్న శిష్యులకి ఏమి నేర్పించానో దేవుడికే తెలియాలి.

వింగ్ ఎంత లేపాలి? రెండు లెక్కలు చూసుకో. ఒకటి, నువ్వు లేకుండా నీ సామాను ఒక్కటే నీటి మీద తేలాలి. నీళ్లలో తూగే బరువు చూస్తే, స్టీలు పలక రెండున్నర, నిండు సిలిండర్ ఒక కిలో లోపు, ఊపిరి పీల్చే రెగ్యులేటర్ ఒకటీ ఒకటిన్నర, దానికి తగిలించిన సీసం ఒక రెండు అనుకుందాం. ఏడు కిలోల దగ్గర తేలింది. రెండోది, లోతుకి వెళ్లేకొద్దీ వెట్‌సూట్ నలిగిపోయి తేలే గుణం పోగొట్టుకుంటుంది. ఆ పోయినదానికీ, సిలిండర్‌లోని గాలి బరువుకీ కలిపి వింగ్ సర్దుబాటు చేయాలి. మన నీళ్లలో పలచటి సూట్‌కి ఇది అయిదారు కిలోలు దాటదు. ఈ రెండూ కలపకు, వీటిలో ఏది పెద్దదైతే దానికన్నా కాస్త ఎక్కువ ఉంటే చాలు. 13, 14 కిలోల వింగ్ నీకు దండిగా సరిపోతుంది. 20 కిలోలవి మందపాటి సూట్లు, బరువైన స్టీలు సిలిండర్లు వాడే చలినీళ్లవాళ్లకి.

డోనట్ అంటే గారె అనుకో, చుట్టూ తిరిగి కలుస్తుంది. హార్స్‌షూ అంటే లాడం, కింద తెగి ఉంటుంది. గారెలో గాలి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి అడుగు నుంచి కూడా వెళ్లిపోతుంది, కాబట్టి వదలడం తేలిక. లాడంలో ఒక్కోసారి డంప్ లేని పక్క గాలి నిలిచిపోతుంది, కాస్త ఒరగాలి. నేను గారె వైపే. లాడంతో వేల డైవ్‌లు చేసినవాళ్లున్నారు, వాళ్లేమీ మునిగిపోలేదు.

పలకకీ వింగ్‌కీ మధ్య బోల్టు రంధ్రాల దూరం 11 అంగుళాలు, దాదాపు అన్ని కంపెనీలదీ అదే. అందుకని ఒకరి పలకకి ఇంకొకరి వింగ్ కట్టొచ్చు. సెకండ్ హ్యాండ్ కొనాలంటే పలక కళ్లు మూసుకుని కొను, అందులో పాడయ్యేదేమీ లేదు. వింగ్ మాత్రం గట్టిగా ఊది రాత్రంతా వదిలేసి పొద్దున్నే చూసి కొను.

సిలిండర్ బ్యాండ్లు బిగించే ముందు నీళ్లలో తడుపు. నైలాన్ పొడిగా ఉన్నప్పుడు బిగిస్తే తడిశాక సాగుతుంది. ఒకసారి నా సిలిండర్ పడవ మీంచి దూకగానే జారి పిక్కల దాకా వచ్చింది. పడవ నడిపే ఆయన ఇప్పటికీ అదే కథ చెప్పి నవ్విస్తుంటాడు.

*ప్రశ్న: బెంగళూరులో ఉంటాం, నేత్రాణికి వెళ్లి డైవ్ చేస్తుంటాం. వింగ్‌తో నీటి పైన తేలేటప్పుడు ముఖం ముందుకి తోసేస్తుందని విన్నాను. నిజమేనా? — ఒక పాఠకుడు*

నిజమే, మీరు తోయిస్తే. గాలంతా వెనకాల ఉంటుంది కాబట్టి బుడగలా నిండా నింపి నిటారుగా నిలబడితే ముందుకి తోస్తుంది. నోరు నీటి పైన ఉండేంత గాలి వేసి, పడక కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి వాలండి. సీసం పొట్ట ముందు కాకుండా పక్కలకి, వెనక్కి జరపండి. క్రాచ్ స్ట్రాప్ మరీ వదులుగా ఉన్నా ఇదే ఇబ్బంది. వింగ్ పైకి లేచి మెడ వెనక కూర్చుంటుంది.

*ప్రశ్న: నాకు 63 ఏళ్లు. రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. మా అమ్మాయితో పాటు నేనూ కోర్సు చేశాను. ఎడమ భుజం పట్టేసి ఆరు నెలలైంది, ఇప్పుడు కొంత నయం. ఒకే పట్టీ ఉండే హార్నెస్‌లోంచి చెయ్యి బయటికి తీయడం నా వల్ల అవుతుందా? — రాజమహేంద్రవరం*

మాస్టారూ, నమస్కారం. ముందు భుజం చూసిన డాక్టరు గారి దగ్గర డైవింగ్‌కి పనికొస్తారని రాయించుకోండి. అడగకపోయినా ఇది చెప్పడం నా ధర్మం. నీళ్లలో మీరు వాల్వ్ అందుకోగలగాలి, పడవ నిచ్చెన పట్టుకుని ఎక్కగలగాలి.

అది అయ్యాక, మీలాంటివారికి భుజం దగ్గర ఊడదీసే బకుల్ పెట్టించుకోవచ్చు. ఒకే పట్టీ ఉండాలని పట్టుబట్టేవాళ్లు దీనికి ఒప్పుకోరు. విరిగే వస్తువు ఇంకొకటి చేర్చినట్టేనని వాళ్ల వాదన. అబద్ధమేమీ కాదు. ప్లాస్టిక్ బకుల్ పడవ డెక్ మీద ఎవరి కాలి కిందో పడి పగిలితే ఆ రోజు డైవ్ పోయినట్టే. అందుకని లోహపుది తీసుకోండి, నొప్పి ఉన్న ఎడమ వైపు ఒక్కదానికే పెట్టించండి. నొప్పి లేనివాళ్లకి నేను వద్దంటాను, మీకు కావాలంటాను.

వేసుకునేటప్పుడు నొప్పి చెయ్యి ముందు, బాగున్న చెయ్యి తర్వాత. మా అమ్మకి చెయ్యి విరిగి కట్టు కట్టినప్పుడు జాకెట్టు తొడిగినట్టే. తీసేటప్పుడు తిరగేయండి, బాగున్న చెయ్యి ముందు. అంతకన్నా మేలైన పద్ధతి, అసలు పడవలో వేసుకోకపోవడం. వింగ్‌లో గాలి నింపి సామానంతా నీళ్లలో వదలమనండి. సీసం మీ బెల్టుకి కాకుండా ఆ సామానుకే తగిలించి ఉండాలి, లేకపోతే ఒట్టి చేతులతో మునుగుతారు. మీరు నీళ్లలోకి దిగి, తేలుతున్న పలక మీదకి వెనక్కి వాలి చేతులు దూర్చండి. బరువు మీ భుజం మీద పడదు. వచ్చేటప్పుడు కూడా నీళ్లలోనే విప్పి పైకి అందించండి. హేవ్‌లాక్‌లో చిన్న డింగీల మీద ఇది మాకు రోజూ అలవాటే, ఎవరూ చిన్నచూపు చూడరు.

స్టీలు మాత్రం కొనకండి. అది మోసేవాడికి కూడా భుజాలుంటాయి.

*ప్రశ్న: క్రాచ్ స్ట్రాప్ వేసుకుంటే ఫొటోల్లో అసహ్యంగా ఉంటుంది. తీసేయొచ్చా?*

తీసేయకండి. ఫొటో నడుం పైవరకే తీయించుకోండి.

*ప్రశ్న: ఆటోనగర్‌లో నాకు చిన్న లేత్ షాపు ఉంది. మా అబ్బాయి డైవింగ్ నేర్చుకున్నాడు. స్టీలు ప్లేట్ ధర విని గుండె ఆగినంత పనైంది. ఆ పలక నేనే కోసి ఇస్తే పనికొస్తుందా? — విశాఖపట్నం*

మేస్త్రీ గారూ, ఈ నెలలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే. పనికొస్తుంది. ఈ సామాను పుట్టిందే దుకాణాల్లో కాదు, డైవర్ల చేతుల్లో. కాకపోతే ఉప్పునీటికి తట్టుకోవాలి కాబట్టి 304 రకం స్టెయిన్‌లెస్ వద్దు, 316 తీసుకోండి. మందం 3 మి.మీ. మధ్యలో వెన్నుపూస వెంబడి నిలువుగా గాడిలా వంగాలి. ఆ గాడి లోతులోనే వింగ్ బోల్టులు కూర్చుంటాయి, వీపుకి తగలవు. పై రంధ్రానికీ కింది రంధ్రానికీ మధ్య దూరం 11 అంగుళాలు, అంటే 27.94 సెంటీమీటర్లు. పట్టీ 2 అంగుళాల వెడల్పు ఉంటుంది కాబట్టి పట్టీ దూరే గాళ్లు దానికన్నా కొంచెం పొడవుండాలి. మరీ ఎక్కువైతే పట్టీ అటూ ఇటూ జారుతుంది. నాలుగు మూలలూ గుండ్రంగా తిప్పేయండి. మీ అబ్బాయిని ఎవరిదైనా పలక ఒకటి అడిగి తెమ్మనండి. అట్ట మీద గీసుకుంటే నా కొలతలకన్నా అదే నయం.

వింగ్ మాత్రం ఇంట్లో కుట్టకండి. అది ఊపిరితో పని, కొన్నదే వాడాలి.

మీ పనితనమంతా ఆ గాళ్ల అంచుల్లో కనపడాలి. పట్టీ రోజంతా అక్కడే ఒరుసుకుంటుంది. అంచు పదునుగా ఉంటే నైలాన్ లోపల లోపలే తెగుతూ పోతుంది, పైకి తెలియదు. రెండు వైపులా ఆకురాయి పట్టి, తర్వాత సన్నటి ఎమెరీ కాగితంతో నునుపు చేయండి. అయిందనుకున్నాక ఇంట్లో పాత నైలాన్ చీర ముక్క ఒకటి తీసుకుని ప్రతి గాడిలోంచీ గట్టిగా లాగి చూడండి. ఒక్క పోగు పట్టుకున్నా మళ్లీ ఆకురాయి అందుకోండి.